మూడు స్క్రూల రూగర్, చెక్కడం పని కోల్ట్, ఐదు తూటాల .475: కొనేముందు ఏమేం చూడాలి?

ట్రినిటీ_తీరం:

అందరికీ నమస్కారం. ఓక్లహోమాలో తుపాకులు సేకరించే ఒకాయన పోయాక ఆయన సింగిల్ యాక్షన్ రివాల్వర్లను (ప్రతి తూటాకీ హ్యామర్‌ని చేత్తో ఎక్కించేవి) కుటుంబం అమ్మకానికి పెట్టింది. అన్నీ గన్‌స్మిత్‌ల చేత మార్పించుకున్నవే, ఫ్యాక్టరీ నుంచి వచ్చింది వచ్చినట్టు ఒక్కటీ లేదు. నేనుండేది డల్లాస్ పక్కన, గ్రీన్ కార్డు ఉంది. మూడింటి మీద కన్నుంది.

ఒకటి 1960ల నాటి రూగర్ బ్లాక్‌హాక్, మూడు స్క్రూల పాత మోడల్. అప్పట్లో .357 తూటాది, ఇప్పుడు .44 స్పెషల్ తూటాకి మార్చారు. రెండోది రెండో తరం కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ, .45 కోల్ట్, ఫ్రేమంతా చెక్కడం, తెల్లటి వన్-పీస్ గ్రిప్ (ఒకే ముక్క పిడి). ఏనుగు దంతం అంటున్నారు. మూడోది రూగర్ బిస్లీ మీద కట్టిన ఐదు తూటాల రివాల్వర్, .475 లైన్‌బా అనే బలమైన తూటాది. రూగర్లు రెండింటికీ పని చేసినవాళ్ళ బిల్లులు ఉన్నాయి, కోల్ట్‌కి ఏమీ లేవు.

ఒక గంట చూసుకోనిస్తారట, కాల్చి చూడటానికి మాత్రం వీల్లేదు. నా దగ్గర ఫీలర్ గేజ్‌లు (సందు కొలిచే పలుచని రేకులు), పిన్ గేజ్‌లు (రంధ్రం కొలిచే కడ్డీలు), కాలిపర్ ఉన్నాయి. ఆ గంటలో ఏం చూడాలి? ఏ లోపం బాగుచేయించుకోవచ్చు, ఏది కనిపిస్తే మాట్లాడకుండా వచ్చేయాలి? పాత బ్లాక్‌హాక్‌ని సేఫ్టీ మార్పిడికి ఫ్యాక్టరీకి పంపాలా? మా తమ్ముడు హెచ్-1బి మీద మా ఇంట్లోనే ఉంటున్నాడు, దానివల్ల చిక్కేమైనా ఉందా?

ఆరో_ఛాంబర్:

గంట చాలు. మెరుపు, చెక్కడం చివర్లో చూసుకోవచ్చు, ముందు కొలతలు తీయండి. ఛాంబర్లన్నీ ఖాళీ అని ఒక్కోటీ చూసుకుని మొదలుపెట్టండి.

మొదట ఎండ్‌షేక్, అంటే సిలిండర్ ముందుకీ వెనక్కీ ఎంత జరుగుతోందన్నది. సిలిండర్‌ని ముందుకు నొక్కిపట్టి బ్యారెల్‌కీ దానికీ మధ్య సందుని ఫీలర్ గేజ్‌తో కొలవండి. తర్వాత వెనక్కి నొక్కి మళ్ళీ కొలవండి. రెండింటి తేడాయే ఎండ్‌షేక్. మంచి పనిలో అది 0.001 నుంచి 0.002 అంగుళం ఉంటుంది. వెనక్కి నొక్కినప్పటి సందు 0.002 నుంచి 0.006 లోపు ఉంటే సరే, 0.008 దాటితే బేరం గట్టిగా చేయండి. చాలామంది సిలిండర్‌ని ముందుకు నెట్టి ఒక్కసారే కొలిచి "రెండు వెయ్యో వంతులే, అద్భుతం" అనుకుంటారు. సిలిండర్ ఊగిసలాడుతుంటే ఆ కొలతకి అర్థం లేదు. పైగా ఎండ్‌షేక్ ఉన్న సిలిండర్ ప్రతి పేలుడుకీ ఫ్రేమ్‌ని సుత్తిలా కొడుతుంది, సందు తనంతట తానే పెరుగుతూ పోతుంది.

తర్వాత టైమింగ్, అంటే హ్యామర్ ఎక్కేసరికి ఛాంబర్ బ్యారెల్‌కి ఎదురుగా వచ్చి తాళం పడుతోందా అన్నది. వేలితో సిలిండర్‌ని తేలిగ్గా ఆపుతున్నట్టు పట్టి, హ్యామర్‌ని చాలా నిదానంగా వెనక్కి లాగండి. హ్యామర్ పూర్తిగా నిలబడేసరికి లేదా వెంట్రుకవాసి ముందు, సిలిండర్‌ని ఆపే బోల్ట్ దాని మీది గాడిలో పడాలి. హ్యామర్ నిలబడ్డాక కూడా సిలిండర్ తాళం పడకపోతే, సిలిండర్‌ని తిప్పే పాల్ అరిగిందో పొట్టిగా ఉందో అని. బోల్ట్ మరీ ముందే పడి, పాల్ ఇంకా నెడుతుంటే అది పొడవెక్కువ, గాడి అంచులు చితికిపోతాయి. ఆరు ఛాంబర్లకూ విడివిడిగా చూడాలి. సిలిండర్ వెనక పాల్ నెట్టే ర్యాచెట్ పళ్ళు ఆరూ ఒకేలా ఉండవు. ఐదు బాగుండి ఒకటి ఆలస్యంగా తాళం పడటం తరచూ కనిపించే సంగతే.

పుష్-ఆఫ్ పరీక్ష: హ్యామర్ పూర్తిగా ఎక్కించి, ట్రిగ్గర్ ముట్టుకోకుండా బొటనవేలితో హ్యామర్‌ని ముందుకి గట్టిగా నెట్టండి. పడిందా, ఇక ఆ తుపాకి ధర సగం పడినట్టే. ట్రిగ్గర్ తేలిక చేయాలని, ట్రిగ్గర్ పట్టుకునే హ్యామర్ గాడిని రాయితో మరీ అరగదీసి ఉంటారు. ఆ గాడి మీద గట్టిదనం పైపొర వరకే ఉంటుంది, అది పోతే కింద మెత్తటి లోహం, ఎంత సరిచేసినా నిలవదు. హ్యామర్, ట్రిగ్గర్ రెండూ మార్చడమే దారి. మూడు పౌండ్ల బలంతో నొక్కితే పడే ట్రిగ్గర్ హాయిగా ఉంటుంది. రెండున్నర కంటే తక్కువుంటే అది గొప్పగా చెప్పుకోవాల్సిన సంగతి కాదు.

థ్రోట్లు, అంటే ఛాంబర్ ముందు నోళ్ళు, పిన్ గేజ్‌లతో చూడండి. .44 స్పెషల్‌కి 0.430 దూరి 0.432 దూరకపోతే బాగున్నట్టు. బ్యారెల్ గ్రూవ్, అంటే లోపలి గాళ్ళ అడుగున వ్యాసం, 0.429 చుట్టుపక్కల ఉంటుంది. థ్రోట్ గ్రూవ్ కంటే చిన్నదైతే బుల్లెట్‌ని ముందే నొక్కేస్తుంది, బ్యారెల్లో సీసం పేరుకుంటుంది. చిన్నగా ఉన్నది రీమర్‌తో పెద్దది చేయించవచ్చు. పెద్దదాన్ని చిన్నది చేయలేరు.

సేఫ్టీ మార్పిడి గురించి: రూగర్ 1973లో ట్రాన్స్‌ఫర్ బార్‌తో (ట్రిగ్గర్ నొక్కితే తప్ప హ్యామర్ దెబ్బని ఫైరింగ్ పిన్‌కి చేరనివ్వని పట్టీ) న్యూ మోడల్ తెచ్చాక, అంతకుముందు వాటికి ఫ్యాక్టరీలో ఉచితంగా మార్చి ఇస్తోంది, తీసిన భాగాలు తిరిగి పంపుతుంది. అసలు అది ఇప్పటికే జరిగిందేమో చూడండి. హ్యామర్ ఎక్కించినప్పుడు హ్యామర్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య ఒక ఉక్కు పట్టీ పైకి లేస్తే జరిగినట్టే. జరగకపోతే నా సలహా పంపవద్దని. హ్యామర్, ట్రిగ్గర్ మారిపోతాయి, ఆయన డబ్బిచ్చి చేయించుకున్న ట్రిగ్గర్ పనంతా సంచీలో పడి వెనక్కొస్తుంది. ఐదు తూటాలే పెట్టి, హ్యామర్ ఖాళీ ఛాంబర్ మీద దించుకుని వాడండి.

కార్బోనా_నీలం:

నాకు తెలిసింది కోల్ట్. రెండో తరం 1956 నుంచి 1974 దాకా వచ్చింది, సీరియల్ నంబర్ చివర ఎస్‌ఏ అక్షరాలుంటాయి. సిలిండర్ మధ్యలో విడిగా వచ్చే బుషింగ్ ఉందో లేదో చూడండి. మొదటి రెండు తరాలకీ ఉంటుంది, కాబట్టి ఎండ్‌షేక్ పెరిగితే కొత్త బుషింగ్ అమర్చుకోవచ్చు. మూడో తరం మొదలైనప్పుడు దాన్ని తీసేశారు, బ్యారెల్ మరలు కూడా అంగుళానికి 20 నుంచి 24 చేశారు. రెండో తరం ఫ్రేమ్ మీద మూడో తరం సిలిండర్ బలవంతంగా ఇరికించిన తుపాకులు తిరుగుతుంటాయి, జాగ్రత్త.

చెక్కడం ఫ్యాక్టరీదా, బయటిదా? కోల్ట్ ఆర్కైవ్స్‌కి సీరియల్ నంబర్ ఇచ్చి డబ్బు కడితే ఏ ఫినిష్‌తో, ఏ క్యాలిబర్‌లో, ఎప్పుడు, ఎవరికి పంపారో లెటర్ ఇస్తారు. అందులో చెక్కడం ఊసు లేకపోతే అది తర్వాత చేసింది. అంతమాత్రాన చెత్త అని కాదు, ఫ్యాక్టరీ చెక్కడం ధర మాత్రం ఇవ్వకూడదు. లెటర్ వచ్చేలోగా పది రెట్ల భూతద్దం పెట్టి గాట్ల లోపల చూడండి. చెక్కి తర్వాత కేస్ హార్డెన్ (పైపొర గట్టిపరచడం) చేసినదైతే రంగు గాటు అడుగు దాకా పాకి ఉంటుంది. ఫినిష్ అయ్యాక చెక్కితే గాట్లో వట్టి లోహం కనిపిస్తుంది. విస్తీర్ణాన్ని ఏ, బీ, సీ, డీ అంటారు: పావు, సగం, ముప్పావు, పూర్తి. అమ్మేవాళ్ళు "డీ" అంటే సిలిండర్, బ్యాక్‌స్ట్రాప్ (పిడి వెనక పట్టీ), ఎజెక్టర్ గొట్టం (ఖాళీ కేసుల్ని బయటికి నెట్టే కడ్డీ ఉండేది) మీద కూడా పని ఉండాలి.

చెక్కాలంటే గట్టిపరచిన ఫ్రేమ్‌ని ముందు మెత్తబరచాలి, తర్వాత ఎముక బొగ్గులో మళ్ళీ ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచాలి. అక్కడ ఫ్రేమ్ ఒంకర తిరిగే ప్రమాదం ఉంది. సిలిండర్‌కి ఇరుసైన బేస్ పిన్ తీసి, సిలిండర్ లేకుండా మళ్ళీ తోయండి. వెనక రంధ్రంలోకి సాఫీగా దిగాలి. పట్టేసినట్టుంటే ఫ్రేమ్ కదిలింది. పాలిష్ అతిగా చేశారో లేదో స్క్రూ రంధ్రాల చుట్టూ చూస్తే తెలిసిపోతుంది. అంచులు గిన్నెలా కుంగి, అక్షరాలు అరిగి, ఫ్రేమ్ కోణాలు గుండ్రబడి ఉంటే పాలిష్ చక్రం కింద ఎక్కువసేపు నలిగింది. పోయిన లోహం తిరిగి రాదు.

సిలిండర్ మీద గాడికీ గాడికీ మధ్య గీత ఉంటే రెండు కారణాలు. హాఫ్ కాక్ (హ్యామర్ సగం లేచి నిలిచే మెట్టు) నుంచి హ్యామర్‌ని నేరుగా కిందికి దించే అలవాటు ఒకటి, బోల్ట్ ముందే పడటం రెండోది. కోల్ట్‌లో హాఫ్ కాక్‌కి వెళ్ళాక పూర్తిగా వెనక్కి లాగి అప్పుడే దించాలి. మొదటి గాడిని సేఫ్టీ అంటారు గానీ దాన్ని నమ్మకండి. హ్యామర్ మీద దెబ్బ పడితే విరిగే పలుచని పెదవి అది. రెండో తరం .45లలో థ్రోట్లు 0.455, 0.456 ఉండటం మామూలే. కొంచెం మెత్తటి సీసపు బుల్లెట్ వాడితే సర్దుకుంటుంది, దాని కోసం సిలిండర్ మార్చి విలువ పోగొట్టుకోవద్దు.

ఇక తెల్ల గ్రిప్. అడుగు భాగం భూతద్దంతో చూడండి. ఏనుగు దంతమైతే ఒకదాన్నొకటి కోసుకునే వంపు గీతలుంటాయి. బయటి అంచు దగ్గర ఆ గీతలు కలిసే కోణం 115 డిగ్రీలు దాటితే ఏనుగు, 90 లోపైతే మామత్. సమాంతర గీతలే ఉంటే ప్లాస్టిక్. కాల్చిన సూది పెట్టి చూడమని ఎవరైనా చెబితే వినొద్దు, మచ్చ మిగులుతుంది. ఆఫ్రికా ఏనుగు దంతం రాష్ట్రం దాటి అమ్మడానికి 2016 జూలై 6 నుంచి గట్టి షరతులున్నాయి. వస్తువులో దంతం 200 గ్రాముల లోపుంటే మినహాయింపు దొరకవచ్చు, కానీ ఆ దంతం దేశంలోకి ఎప్పుడొచ్చింది, గ్రిప్ ఎప్పుడు చేశారు అన్నదానికి ఆధారం ఉండాలి. ఓక్లహోమా నుంచి టెక్సాస్ అంటే రాష్ట్రం దాటినట్టే. కాగితం లేకపోతే గ్రిప్ వాళ్ళనే ఉంచుకోమని, తుపాకి మాత్రం కొనండి. వన్-పీస్ కాబట్టి బ్యాక్‌స్ట్రాప్ విప్పాలి: హ్యామర్ వెనక రెండు స్క్రూలు, అడుగున ఒకటి. గాడికి సరిగ్గా పట్టే బిట్ లేకుండా మాత్రం ముట్టుకోకండి. వాల్‌నట్ గ్రిప్ వేసుకుంటే కోల్ట్‌కి లోటేమీ ఉండదు. సాంబర్ కొమ్ము కావాలంటే పాత సరుకే వెతుక్కోవాలి, ఇండియా ఎగుమతి ఆపేశాక దాని ధర కూడా దంతం దారిలోనే నడుస్తోంది.

బరువు_గుండు:

.475 గురించి నేను చెబుతా. ముందుగా, ఐదే ఎందుకంటే: ఆరు తూటాల సిలిండర్‌లో బోల్ట్ గాడి ఛాంబర్ మీదుగానే పడుతుంది, అంటే గోడ ఎక్కడ పలుచనో అక్కడే తవ్వినట్టు. ఐదు చేస్తే పైన ఛాంబర్ ఉన్నప్పుడు దానికి ఎదురుగా కింద రెండు ఛాంబర్ల మధ్యనున్న దళసరి లోహం వస్తుంది, గాడి అందులో పడుతుంది. జాన్ లైన్‌బా .475, .500 తూటాలను రూగర్ ఫ్రేమ్‌లో కట్టగలిగింది ఇలాగే. బిల్లులో "లైన్ బోర్" అని ఉందేమో చూడండి. ఛాంబర్లను ఆ ఫ్రేమ్‌లోనే, ఆ బ్యారెల్ దారికి సూటిగా తొలిచారని దాని అర్థం. రేంజ్ రాడ్ (బ్యారెల్‌లో సరిగ్గా పట్టే కొలత కడ్డీ) దొరికితే బ్యారెల్ నుంచి ప్రతి ఛాంబర్‌లోకీ దించి చూడండి, అంచుకి తగలకూడదు.

చూడాల్సినవి: ఫైరింగ్ పిన్ రంధ్రం చుట్టూ లోహం ఉబ్బిందా, బోల్ట్ గాడుల అంచులు చితికాయా, ఎజెక్టర్ గొట్టం స్క్రూ వదులైందా, దాని రంధ్రం సాగిందా, బేస్ పిన్‌కి బిగింపు స్క్రూ ఉందా. ఈ రీకాయిల్‌కి మామూలు బేస్ పిన్ ముందుకి జారుతుంది, జారితే సిలిండర్ బిగుసుకుంటుంది. బెల్ట్ మౌంటెన్ వాళ్ళ సెట్ స్క్రూ పిన్ ఉంటే ఆ బాధ లేదు. ఎండ్‌షేక్ ఇందులో 0.003 దాటితే కాల్చినవి తక్కువ కావని లెక్క.

మీరు వాడబోయే తూటాలకి ఒక పరీక్ష ఉంది. ఐదు నింపి నాలుగు కాల్చండి, ఐదోదాన్ని తీసి ముందు కొలిచిన పొడవుతో పోల్చండి. పెరిగిందంటే క్రింప్ (బుల్లెట్‌ని పట్టి ఉంచే కేసు మూతి నొక్కు) చాల్లేదు, బుల్లెట్ రీకాయిల్‌కి ముందుకి పాకుతోంది. ఇంకాస్త పాకితే సిలిండర్ ముందుకి పొడుచుకొచ్చి ఫ్రేమ్‌కి తన్నుకుని తిరగదు. ఈ బిస్లీ న్యూ మోడలే, అందులో సిలిండర్ వెనక్కి తిరగదు కాబట్టి ఆ తూటాని బయటికి తీయడం నరకం. అందుకే ఫ్రీ-స్పిన్ పాల్ వేయించి ఉంటే దాన్ని మంచి గుర్తుగా తీసుకోండి, తూటాలు వేసే గేట్ తీస్తే సిలిండర్ రెండు వైపులా తిరుగుతుంది. .475 ఛాంబర్‌లో .480 రూగర్ తూటా కూడా పేల్చవచ్చు, చేతులు అలవాటు పడేదాకా అదే వాడండి.

సేఫ్టీ మార్పిడి విషయంలో ఆరో_ఛాంబర్ గారితో నేను ఏకీభవించను. ఖర్చు లేదు, పాత భాగాలు తిరిగొస్తాయి, కావాలంటే రేపు వెనక్కి మార్చుకోవచ్చు. ఐదే నింపాలన్న నియమం ఆ తుపాకి పట్టుకునే ప్రతి ఒక్కరికీ తెలియదు. కప్‌బోర్డులో పెట్టి చూసుకునేదైతే అలాగే ఉంచండి, రేంజ్‌లో నలుగురి చేతుల్లో పడేదైతే పంపండి. మారిస్తే ట్రిగ్గర్ గరుకవుతుందన్నది మాత్రం నిజమే.

కాగితాల_పిచ్చి:

చట్టం సంగతి. హ్యాండ్‌గన్ వేరే రాష్ట్రం మనిషి దగ్గర కొంటే చేతికి చెయ్యి అందుకుని రావడం కుదరదు. టెక్సాస్‌లో లైసెన్సు ఉన్న డీలర్‌కి రావాలి, అక్కడ తుపాకి కొనేవాళ్ళు నింపే ఫెడరల్ ఫారం 4473 నింపి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యాక తీసుకోవాలి. వీలునామాలో మీకే రాసిపెడితే వేరే సంగతి, ఇది అమ్మకం. రవాణా కంపెనీలు మామూలు మనుషుల నుంచి తుపాకులు తీసుకోవడం దాదాపు మానేశాయి, కాబట్టి అటువైపు కూడా డీలరే పంపడం తేలిక. గన్‌స్మిత్‌కి పనికి పంపితే మాత్రం ఆయన నేరుగా మీకే తిరిగి పంపవచ్చు.

50 ఏళ్ళు దాటినవి కదా, పాత తుపాకులు సేకరించేవాళ్ళకిచ్చే కలెక్టర్ లైసెన్సుతో తెచ్చుకోవచ్చని ఎవరైనా అంటే జాగ్రత్త. ఆ వెసులుబాటు అసలు రూపంలో ఉన్నవాటికి. .357ని .44గా మార్చిన తుపాకిని అందులో లెక్కపెట్టకండి.

తమ్ముడి విషయం పెద్దది. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకి గానీ తూటా గానీ కలిగి ఉండటమే ఫెడరల్ నేరం. ఎక్కువగా వాడే మినహాయింపు ఏదో ఒక రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. గడువు దాటిన రోజే మినహాయింపు పోతుంది. రేంజ్‌లో ఒక్కసారి చేత్తో పట్టుకున్నా కలిగి ఉండటం కిందికే రావచ్చు. మీ సేఫ్ కోడ్ ఆయనకి తెలిస్తే అదీ చిక్కే. కోడ్ మీకొక్కరికే ఉండాలి, తూటాలు కూడా అందులోనే. మిగతాది ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి, పచ్చకార్డు వరుసలో ఉన్నవాళ్ళకి ఇలాంటి కేసు ఎంత దూరం లాగుతుందో చెప్పనక్కర్లేదు.

ట్రినిటీ_తీరం:

అందరికీ కృతజ్ఞతలు. చూసొచ్చాను. బ్లాక్‌హాక్: సందు ముందుకి నొక్కితే 0.002, వెనక్కి నొక్కితే 0.007. ఐదు థ్రోట్లలో 0.430 దూరింది, 0.431 దూరలేదు. ఆరోదాంట్లో 0.432 కూడా జారిపోతోంది. ఇంకో ఛాంబర్ హ్యామర్ ఎక్కాక చేత్తో కాస్త తోస్తేగానీ తాళం పడట్లేదు. పుష్-ఆఫ్ బాగుంది, ట్రాన్స్‌ఫర్ బార్ లేదు. గ్రిప్ ఫ్రేమ్‌కి మాగ్నెట్ అంటుకోలేదు, నలుపు రంగు అక్కడక్కడ పోయింది, మళ్ళీ బ్లూయింగ్ (ఉక్కుకి వేసే నీలి-నలుపు ఫినిష్) చేయించాలనుంది. కోల్ట్: ఎండ్‌షేక్ తెలియనంత తక్కువ, గాట్లలో రంగు ఉంది, బేస్ పిన్ సాఫీగా దిగింది, సిలిండర్ మీద సన్నటి గీత. గ్రిప్ అడుగున కోసుకునే గీతలున్నాయి, కాగితాలు లేవు. .475: ఎండ్‌షేక్ 0.001, లైన్ బోర్ అని బిల్లులో ఉంది, సెట్ స్క్రూ పిన్ ఉంది.

ఆరో_ఛాంబర్:

.475 కొనేయండి, అది తక్కువ కాల్చిన తుపాకి. కోల్ట్‌ని కార్బోనా గారు చెప్పినట్టు గ్రిప్ లేకుండా తీసుకోండి, ఆర్కైవ్స్ లెటర్ వచ్చేదాకా బయటి చెక్కడం ధరకి మించి పోవద్దు.

బ్లాక్‌హాక్‌కి పని ఉంది, వదిలేసేంత లేదు. ఎండ్‌షేక్ 0.005 ఎక్కువే, కానీ గన్‌స్మిత్ సరిచేయగలడు. ఆలస్యపు ఛాంబర్ కోసం పొడవైన పాల్ తెచ్చి ముందు ఆ ఛాంబర్‌కి సరిపోయేలా అమర్చాలి, అప్పుడు మిగతా ఐదూ ముందే తాళం పడతాయి, వాటి ర్యాచెట్ పళ్ళు కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావాలి. ఇంట్లో ఆకురాయితో చేసే పని కాదు. ఎండ్‌షేక్ ముందు సరిచేయించి, టైమింగ్ తర్వాత చేయించండి. తలకిందులుగా చేస్తే సిలిండర్ చోటు మారి టైమింగ్ మళ్ళీ పోతుంది. ఈ రెండు పనుల ఖర్చూ బేరంలో తగ్గించమని అడగండి. 0.432 థ్రోట్‌ని ఏమీ చేయలేరు. ఆ ఛాంబర్‌కి గుర్తు పెట్టుకుని, ఐదే నింపేటప్పుడు ఖాళీగా వదిలేది అదే అయ్యేలా చూసుకోండి.

మాగ్నెట్ అంటలేదంటే గ్రిప్ ఫ్రేమ్ అల్యూమినియం. దాన్ని వేడి బ్లూయింగ్ తొట్టిలో పొరపాటున వేశారా, ఆ క్షారంలో కరిగిపోతుంది. ఎజెక్టర్ గొట్టానికి కూడా మాగ్నెట్ పెట్టి చూడండి, ఈ కాలపు వాటిలో అదీ అల్యూమినియమే కావచ్చు. రెండూ విప్పి విడిగా అనోడైజ్ చేయించుకోవాలి. నన్నడిగితే ఆ అరుగుదల అలాగే ఉంచుతా.

ధర దగ్గర ఇంకో మాట. ఈ .357 పాత ఫ్రేమ్ కోల్ట్ అంత సైజు, 1973 తర్వాత రూగర్ .357ని కూడా పెద్ద .44 ఫ్రేమ్ మీదికి మార్చింది కాబట్టే ఇలాంటి మార్పులకి పాతవాటిని ఏరుకునేవారు. 2005 నుంచి మధ్య సైజు ఫ్రేమ్ మళ్ళీ వచ్చింది, తర్వాత ఫ్యాక్టరీ .44 స్పెషల్ కూడా వచ్చింది. అమ్మేవాళ్ళు "ఇలాంటిది ఇంకెక్కడా దొరకదు" అంటే ఒప్పుకోకండి.

బరువు_గుండు:

డబ్బు ఇచ్చేముందు ఆ ఇంట్లో పాత భాగాల పెట్టె ఉందేమో అడగండి. బ్లాక్‌హాక్ అసలు .357 సిలిండర్, బ్యారెల్ ఎక్కడో ఉండే ఉంటాయి, అవి వాళ్ళకి తుక్కు, మీకు సగం విలువ. .475కి ఆయన వాడిన రీలోడింగ్ డైలు, ఖాళీ కేసులు, బుల్లెట్ అచ్చు దొరికితే వదలొద్దు, షాపుల్లో అంత సులువుగా దొరకవు. ఆయన చేతిరాతలో తూటాల లెక్కల పుస్తకం ఉంటే తెచ్చుకోండి, కానీ అందులో ఉన్న పౌడర్ కొలతలు యథాతథంగా వాడకుండా ముద్రిత మాన్యువల్‌తో సరిచూసి, కనీస కొలత నుంచి మొదలుపెట్టండి. తోలు హోల్‌స్టర్లు ఇస్తే తీసుకోండి గానీ తుపాకి వాటిలో పెట్టి నిల్వ చేయకండి, తోలులోని ఉప్పు, తేమ బ్లూయింగ్‌ని గుంటలు పడేలా తినేస్తాయి.